ప్లాటు కొనేముందు మట్టి చూడండి: ఎర్ర నేలా, నల్లరేగడా, డెల్టా ఒండ్రా, ఏది ఎంచుకోవాలి?

ప్లాటు చూడటానికి వెళ్లినవాళ్లు సాధారణంగా అడిగేవి రోడ్డు ఎన్ని అడుగులు, ఫేసింగ్ ఏది, లేఅవుట్‌కి అప్రూవల్ ఉందా, లోన్ వస్తుందా. మట్టి సంగతి అడిగేవాళ్లు చాలా తక్కువ. తీరా ఇల్లు లేచాక మాత్రం ఆ మట్టితోనే కాపురం చేయాలి. గోడలు పగలకుండా నిలవడం, బాత్రూమ్ నీళ్లు భూమిలోకి దిగడం, పెరట్లో కరివేపాకు చెట్టు బతకడం, మూడూ దాని చేతిలోనే ఉంటాయి.

చిక్కేమిటంటే ఈ మూడు పనులకూ ఒకే నేల బాగుండటం అరుదు. నల్లరేగడి పత్తికీ మిర్చికీ ఎంత మంచిదో పునాదికి అంత చెడ్డది. ఇసుక నేలలో మురుగునీరు చకచకా ఇంకిపోతుంది, కానీ పక్కింటి బావిలోకీ అంతే వేగంగా చేరుతుంది. మొరం నేల మీద ఇల్లు నిశ్చింతగా నిలుస్తుంది, అదే మొరంలో గులాబీ మొక్క ఆరు నెలలైనా చిగురు వేయదు.

అందుకే రెండు మూడు ప్లాట్ల మధ్య ఎటూ తేలనప్పుడు నేను ఈ వరసలో చూడమంటాను: ముందు పునాది, తర్వాత సెప్టిక్ ట్యాంక్, ఆఖర్న తోట. తోటకు మంచి మట్టిని ట్రాక్టర్లో తెచ్చుకోవచ్చు. సెప్టిక్ ట్యాంకుకు డిజైన్ మార్చి కొంత డబ్బుతో బయటపడొచ్చు. ఇల్లు కట్టేశాక దాని కింద మట్టిని మార్చడం ఎవరి తరమూ కాదు.

ముందు ఒక గుంత తవ్వించండి

అడ్వాన్స్ ఇచ్చేముందే యజమానిని అడిగి ప్లాటులో రెండు మూలల్లో ఐదారు అడుగుల గుంతలు తవ్వించండి. జేసీబీకి పెద్ద పనేమీ కాదు. వదులు మట్టి అయితే గుంతలోకి దిగొద్దు, పక్కలు కూలతాయి. పైనుంచి చూసినా తెలిసేది చాలా ఉంటుంది: పై మట్టి ఎన్ని అడుగుల మందం ఉంది, మొరం ఎక్కడ తగిలింది, అడుగున ఊట వస్తోందా, మధ్యలో ఇటుక ముక్కలు, ప్లాస్టిక్ సంచులు కనిపిస్తున్నాయా. రెండు గుంతల్లో రెండు రకాల మట్టి బయటపడితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఇల్లు సగం గట్టి నేల మీద, సగం మెత్తటి నేల మీద కూర్చుంటే పగుళ్లు ఖాయం.

అడుగు లోతు నుంచి పిడికెడు మట్టి తీసి తడిపి అరచేతుల మధ్య తాడులా చేయండి. తాడు కాకుండా విరిగిపోతే ఇసుకపాలు ఎక్కువ. సన్నగా, పొడుగ్గా సాగి వేళ్లకు అంటుకుంటే బంకపాలు ఎక్కువ. మరో పరీక్ష గాజు సీసాతో. మూడో వంతు మట్టి వేసి, నీళ్లు పోసి, బాగా కుదిపి కదలకుండా పెట్టండి. ఇసుక నిమిషంలో అడుక్కి చేరుతుంది, దాని మీద ఒండ్రు కొన్ని గంటల్లో కూర్చుంటుంది, బంకమట్టి మర్నాటికి కూడా నీళ్లలోనే కలకగా తేలుతూ ఉంటుంది.

నల్లమట్టి అయితే ఉబ్బుడు పరీక్ష తప్పకుండా చేయించండి. ల్యాబ్‌లో దీన్ని ఫ్రీ స్వెల్ ఇండెక్స్ అంటారు, ఐఎస్ (భారతీయ ప్రమాణం) 2720లో 40వ భాగం ఇదే. పద్ధతి చాలా సులువు. మట్టిని ఆరబెట్టి, మెత్తగా పొడి చేసి, జల్లించి, పది గ్రాముల చొప్పున రెండు కొలజాడీల్లో వేస్తారు. ఒకదాన్లో నీళ్లు, ఇంకోదాన్లో కిరసనాయిలు పోసి 24 గంటలు వదిలేస్తారు. కిరసనాయిల్లో మట్టి ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది. కిరసనాయిల్లో 10 మిల్లీలీటర్లు ఉన్న మట్టి నీళ్లలో 16 అయితే ఉబ్బు 60 శాతం అన్నమాట. 50 శాతం లోపు ఉంటే పెద్దగా భయం లేదు. 100 దాటితే మాత్రం ఫౌండేషన్ డిజైన్ చేసే ఇంజనీరు లేకుండా ముగ్గు కూడా పోయించొద్దు.

ఎర్ర నేల, మొరం

హైదరాబాద్ చుట్టుపక్కల, మహబూబ్‌నగర్, అనంతపురం, చిత్తూరు వైపు ఎక్కువగా కనిపించేది ఇదే. గ్రానైట్ రాయి వేల ఏళ్లుగా శిథిలమై ఏర్పడిన నేల. పైన అడుగో రెండడుగులో ఎర్రమట్టి, కింద మొరం, ఆ కింద రాయి. పునాదికి దీన్ని మించింది లేదు. ఐఎస్ 1904 పాత పట్టికలో గట్టిపడిన గ్రావెల్‌కు చదరపు మీటరుకు 45 టన్నుల భారం వేయొచ్చని ఉంటే, మెత్తటి బంకమట్టికి 10 టన్నులే. అంటే ఒక్కో పిల్లర్ కింద ఫుటింగ్ సైజు ఎంత మారుతుందో ఊహించుకోండి. సిమెంటు, స్టీలు ఖర్చు అక్కడే తేలిపోతుంది.

ఇబ్బంది రాయి మరీ పైకి ఉన్నచోట వస్తుంది. మూడు నాలుగు అడుగులకే పలక రాయి తగిలితే పునాదికి సంతోషమే గానీ సెప్టిక్ ట్యాంకుకు బ్రేకర్ పెట్టి రాయి కొట్టించాలి, ట్యాంకు నుంచి వచ్చే నీటిని భూమిలోకి వదిలే ఇంకుడు గుంతలో నీళ్లు ఇంకవు. వానాకాలంలో అది నిండి మురుగు పక్క ప్లాటులోకి పారుతుంది. రాతిలో పగుళ్లుంటే ఇంకో ప్రమాదం: మట్టిలో నెమ్మదిగా వడకట్టుకోవాల్సిన మురుగు ఆ పగుళ్లగుండా నేరుగా దిగి బోరులో తేలుతుంది. అందుకే రాతి నేలలో ఇంకుడు గుంతకూ బోరుకూ మధ్య దూరం విషయంలో రాజీ పడకూడదు. తాగునీటి బావికి కనీసం 18 మీటర్లు, అంటే 60 అడుగులు ఉండాలని ఐఎస్ 2470 చెబుతుంది. రెండొందల గజాల ప్లాటులో ఇది దాదాపు అసాధ్యం. పక్కవాళ్ల బోరు ఎక్కడుందో కూడా చూసుకోవాలి కదా. కాబట్టి చిన్న ప్లాటు, పైకే ఉన్న రాయి, డ్రైనేజీ లైన్ లేని వెంచర్, ఈ మూడూ ఒకేచోట కలిస్తే ఆ ప్లాటు వదిలేయడమే మంచిది.

తోటకు ఎర్ర నేల పేదదే అయినా మొండిది కాదు. వేళ్లకు గాలి ఆడుతుంది, నీరు నిలవదు. మామిడి, సీతాఫలం, జామ, బత్తాయి, కరివేపాకు, మల్లె దీన్ని ఇష్టపడతాయి. బాలానగర్ సీతాఫలం పేరు మహబూబ్‌నగర్ వైపున్న ఊరి నుంచే వచ్చింది. మూడడుగుల గుంత తీసి సగం చెరువు మట్టి, సగం చివికిన పశువుల ఎరువు నింపి మొక్క పెడితే చాలు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసి రైతులు చెలకల్లో తోలుకున్నది కూడా ఇందుకే, ఎర్ర నేలకు లేని తేమ పట్టే గుణం ఆ మట్టిలో ఉంటుంది.

నల్లరేగడి

ఆదిలాబాద్, తాండూరు, కర్నూలు, నంద్యాల, గుంటూరు, ప్రకాశం, అమరావతి ప్రాంతం. ప్లాట్ల వ్యాపారం బాగా జరుగుతున్న చాలాచోట్ల ఉన్నది ఈ నేలే. ఇందులో మాంట్‌మొరిల్లనైట్ అనే బంక ఖనిజం ఉంటుంది. నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. మే నెలలో చేతి వేళ్లు దూరేంత నెర్రెలు బారిన నేల ఆగస్టులో మూసుకుపోయి పైకి లేస్తుంది. ఏడాదికోసారి లేచి దిగే నేల మీద ఇల్లు కడుతున్నామని మొదటే గుర్తుపెట్టుకోవాలి.

చాలామంది పొరబడేది ఇక్కడే. "మాది ఒక్క గ్రౌండ్ ఫ్లోరే కదా, పెద్ద పునాది ఎందుకు" అంటారు. నల్లరేగడిలో తేలిక ఇంటికే ఎక్కువ దెబ్బ. పైకి తోసే మట్టిని అణచిపెట్టేంత బరువు దానికి ఉండదు. పైగా ఇంటి మధ్యలో మట్టికి ఎండ తగలదు కాబట్టి తేమ నిలుస్తుంది, అంచుల్లో మాత్రం వేసవిలో ఎండుతుంది, వానకు తడుస్తుంది. దాంతో ఇంటి అంచులు లేస్తూ దిగుతూ ఉంటే మధ్య భాగం కదలకుండా ఉంటుంది. ఆ ఫలితం కిటికీ మూలల నుంచి ఏటవాలుగా సాగే పగుళ్లలో కనిపిస్తుంది. అవి వేసవిలో వెడల్పవుతాయి, వానల్లో సన్నబడతాయి. తలుపులు ఒక కాలంలో బిగుసుకుని ఇంకో కాలంలో వదులవుతాయి. అలాంటి పగుళ్లను సిమెంటుతో పూడ్చి రంగు వేయిస్తే మళ్లీ వేసవికి అక్కడే తెరుచుకుంటాయి. ఆ ఏరియాలో పాత ఇళ్లు రెండు మూడు చుట్టూ తిరిగి కిటికీ మూలలు చూస్తే ఏ రిపోర్టూ చెప్పనంత తెలుస్తుంది.

పునాదికి ఉన్న దారులు నల్లమట్టి ఎంత లోతు ఉందన్నదాన్ని బట్టి మారతాయి. ఐదారు అడుగుల లోపు మొరం తగిలితే నల్లమట్టి దాటి మొరం మీద ఫుటింగ్ వేయడమే చవక, నమ్మకం. అంతకంటే లోతుంటే అండర్ రీమ్డ్ పైల్స్ గురించి, అంటే నేలలోకి లోతుగా దింపే కాంక్రీటు స్తంభాల గురించి అడగండి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన పద్ధతి ఇది. పైల్ అడుగున కాండం వెడల్పుకు రెండున్నర రెట్లు ఉండే ఉబ్బెత్తు ఒకటి తీస్తారు. పైమట్టి ఎంత కదిలినా కాలంతో పని లేకుండా తేమ నిలకడగా ఉండే పొరలో అది పట్టుకుని ఉంటుంది. లోతైన నల్లరేగడిలో పైల్ పొడవు కనీసం 3.5 మీటర్లు ఉండాలి. పైల్స్‌ను కలిపే బీమ్ కింద ఖాళీ వదలడం మాత్రం మరిచిపోకూడదు. మేస్త్రీలు దాన్ని మట్టితో నింపేస్తారు. అప్పుడు కింద మట్టి ఉబ్బి బీమ్‌నే పైకి తోస్తుంది, పైల్స్‌కు పెట్టిన డబ్బంతా వృథా. నాలుగైదు అంతస్తులైతే ర్యాఫ్ట్ (ఇల్లంతటికీ కలిపి ఒకే పలకగా వేసే పునాది) లెక్క వేరు, దాన్ని స్ట్రక్చరల్ ఇంజనీరుకే వదిలేయాలి.

ఇంకో సలహా తరచుగా వినిపిస్తుంది: నల్లమట్టి తీసేసి ఇసుక నింపమని. దీన్ని నేను గట్టిగా వద్దంటాను. ఇసుకలో వాననీరు చేరి నిల్వ ఉంటుంది, చుట్టూ ఉన్న నల్లమట్టికి అది నిదానంగా తేమ అందిస్తూనే ఉంటుంది. నింపాల్సింది ఉబ్బని, నీరు త్వరగా దిగని మొరం. దాన్ని తొమ్మిదేసి అంగుళాల పొరలుగా వేసి, తడిపి, రోలర్‌తో అదమాలి.

సెప్టిక్ ట్యాంక్ విషయంలో నల్లరేగడి మోసం చేస్తుంది. వేసవిలో గుంతలో నీళ్లు పోస్తే నెర్రెల్లోంచి క్షణాల్లో మాయమవుతాయి, అబ్బ ఎంత బాగా ఇంకుతోందో అనుకుంటాం. ఆగస్టులో ఆ నెర్రెలు మూసుకున్నాక చుక్క కదలదు. అందుకే ఇంకుడు పరీక్షలో ముందురోజు రాత్రంతా గుంతను నీళ్లతో నానబెట్టాలి. మర్నాడు ఆరు అంగుళాల ఎత్తు నీళ్లు ఉంచి, ఒక అంగుళం తగ్గడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చూడాలి. 30 నిమిషాల లోపు తగ్గితే మామూలు ఇంకుడు గుంత పనిచేస్తుంది. 30 నుంచి 60 నిమిషాలు పడితే పొడవాటి కందకంలో చిల్లుల పైపు, కంకర వేసి ఎక్కువ విస్తీర్ణంలో నీటిని వదలాలి. 60 దాటితే ఆ నేల మురుగు తీసుకోదు. ట్యాంకు తర్వాత కంకర నింపిన ఫిల్టర్ కట్టి, శుభ్రపడిన నీటిని బయటి కాలువకు పంపాలి. నల్లరేగడి చాలాసార్లు ఈ మూడో వర్గంలోనే పడుతుంది. సిమెంటు ఒరలు నాలుగు దింపి "ఇంకుతుందిలే సార్" అనే మాటను నమ్మొద్దు.

ఇంకుడు గుంత ఇంటికి కనీసం 6 మీటర్ల దూరంలో ఉండాలన్న నియమం ఏ నేలకైనా ఉన్నదే, నల్లరేగడిలో అది ప్రాణం లాంటిది. ఒక మూలన మురుగు కారి ఆ ఒక్క మూల ఏడాది పొడవునా తడిగా ఉంటే ఇల్లు అటువైపు లేస్తుంది. 30 అడుగుల వెడల్పు ప్లాటులో ఇరవై అడుగులు ఎక్కడ తెస్తాం? కాబట్టి నల్లరేగడిలో చిన్న ప్లాటు కొనాలంటే భూగర్భ డ్రైనేజీ ఉన్న వెంచర్లోనే కొనండి. గజానికి కొంత ఎక్కువైనా సరే.

తోటకు మాత్రం నల్లరేగడి సారవంతమైన నేల. తేమ పట్టి ఉంచుతుంది, పోషకాలు దండిగా ఉంటాయి. వంగ, బెండ, మిర్చి, కంది బ్రహ్మాండంగా వస్తాయి. సున్నం ఎక్కువ కాబట్టి కొన్ని మొక్కల లేత ఆకులు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రమే ఆకుపచ్చగా మిగులుతాయి. అది ఇనుము అందకపోవడం, యూరియా వేస్తే పోదు. బత్తాయి, నిమ్మ లాంటివి నీరు నిలిస్తే వేరుకుళ్లుతో పోతాయి, ఎత్తు మడుల మీద పెట్టాలి. అన్నిటికంటే ముఖ్యం వేప, రావి, చింత లాంటి పెద్ద చెట్లను ఇంటి గోడ పక్కన పెట్టకపోవడం. వేసవిలో వాటి వేళ్లు పునాది కింది తేమంతా పీల్చేస్తాయి, ఆ వైపు నేల కుంగుతుంది. చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందో కనీసం అంత దూరం ఇవ్వాలి. గోడను ఆనుకుని పూల మడి వేసి రోజూ పైపుతో తడపడం కూడా తప్పే. ఇంటి చుట్టూ నాలుగైదు అడుగుల వెడల్పున బయటికి వాలుగా సిమెంటు ఆప్రాన్ వేసి, మొక్కలు దాని అవతల పెట్టుకోండి.

డెల్టా ఒండ్రు

కోనసీమ, భీమవరం, గుడివాడ, తెనాలి. తోట ముఖ్యమనుకునేవాళ్లకు ఇంతకంటే మంచి నేల దొరకదు. కొబ్బరి, అరటి, పోక, కంద, తమలపాకు, ఏది గుచ్చితే అది నాటుకుంటుంది. కష్టమంతా కింద ఉంటుంది. కాలువలకు నీళ్లు వదిలాక చాలాచోట్ల కొద్ది అడుగుల్లోనే నీరు, ఆ కింద మీటర్ల కొద్దీ మెత్తటి బంక. చిన్న ఇల్లయినా మట్టి పరీక్ష లేకుండా కట్టకూడదు. మెరక చేయడానికి తోలిన మట్టి కూర్చోవడానికి కనీసం ఒక వానాకాలం వదలండి, తొందరపడి దాని మీద ఫ్లోరింగ్ వేస్తే పలకలు కుంగుతాయి.

నీటిమట్టం 1.8 మీటర్ల లోపు ఉంటే, అంటే ఆరడుగుల లోపు, లోతు ఇంకుడు గుంత పనికిరాదు. మురుగు మట్టిలో వడకట్టుకోకుండానే భూగర్భ నీటిలో కలిసిపోతుంది. నేల మీదే మట్టి దిబ్బ పోసి అందులో చిల్లుల పైపులు వేసే పద్ధతి ఇలాంటి చోటికే. ట్యాంకు కూడా నీరు కారని విధంగా, అడుగు బరువుగా కట్టించాలి. వానాకాలంలో ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయిస్తే కింది నీటి ఒత్తిడికి అది పైకి తేలి పైపులు విరిగిపోవచ్చు. అక్కడ ట్యాంకర్‌ను పిలవాల్సింది వేసవిలో.

చెరువులు తవ్వి రొయ్యలు పెంచే చోట్లకు దగ్గరగా ప్లాటు చూస్తుంటే ఉప్పు సంగతి విడిగా పరీక్ష చేయించండి. అది స్టీలునూ తింటుంది, మొక్కలనూ చంపుతుంది.

తీరపు ఇసుక, చౌడు

బాపట్ల, చీరాల వైపు ఇసుక నేలలు గట్టిగా, పొడిగా ఉంటే బరువు బాగానే మోస్తాయి. పునాది దగ్గరికి నీరు చేరితే ఆ శక్తి సగానికి లెక్కేయాలి. మురుగు త్వరగా దిగడం ఇక్కడ సుగుణం కాదు. ఊరంతా చేతిపంపులూ బావుల మీద బతుకుతుంటే ఒకరి ట్యాంకు ఇంకొకరి మంచినీళ్లు పాడు చేస్తుంది. జీడిమామిడి, కొబ్బరి, సరుగుడు బాగా వస్తాయి, కూరగాయలకు ఎరువు, నీళ్లు రెండూ రోజూ కావాలి.

చౌడులో రెండు రకాలున్నాయి. ఎండాకాలం పైన తెల్లటి పొర కట్టేది పాల చౌడు, మంచి నీళ్లతో కడిగి బయటికి పంపగలిగితే బాగుపడుతుంది. కారు చౌడుకు జిప్సం వేసి, జీలుగ పెంచి దున్నాలి, అదీ మురుగునీరు పోయే దారి ఉంటేనే. తోట మీద ఆశ ఉన్నవాళ్లు కారు చౌడు ప్లాటు జోలికి పోకపోవడం మేలు.

పూడ్చిన ప్లాటు

ఇది అన్నిటికంటే ప్రమాదం, నల్లరేగడి కంటే కూడా. చెరువు శిఖంలోనో, పాత క్వారీ గుంటలోనో బిల్డింగ్ వ్యర్థాలు పోసి పైన రెండడుగుల ఎర్రమట్టి పరిచి అమ్ముతారు. పైకి చూస్తే మంచి ఎర్ర నేల. గుంత తవ్వితే రంగురంగుల పొరలు, టైల్స్ ముక్కలు, కుళ్లు వాసన. ఆ మట్టి ఏళ్ల తరబడి ఎక్కడికక్కడ కుంగుతూనే ఉంటుంది, పైగా అది చెరువు పరిధిలోదైతే ఇంటికే ఎసరు. రేటు ఎంత తక్కువైనా కొనొద్దు.

రెండింటిలో ఒకటి తేల్చాలంటే

ఒకే రేటుకు రెండు ప్లాట్లున్నాయనుకుందాం. ఒకటి ఎర్ర నేల, నాలుగడుగులకే రాయి, డ్రైనేజీ లేదు. ఇంకోటి నల్లరేగడి, ఐదడుగులకు మొరం, డ్రైనేజీ లైన్ ఉంది. చాలామంది కళ్లు మూసుకుని ఎర్ర నేల వైపు మొగ్గుతారు. నేనైతే రెండోది తీసుకుంటాను. ఐదడుగుల తవ్వకంతో పునాది సమస్య తీరిపోతుంది, మురుగు లైన్లో పోతుంది, పెరట్లో కూరగాయలు పండుతాయి. మొదటిదాన్లో మురుగు సమస్యకు తేలికైన పరిష్కారం లేదు. అదే నల్లమట్టి పదిహేను అడుగులుంటే, పైల్స్ ఖర్చు కలిపి చూస్తే, ఎర్ర నేలకు గజానికి కాస్త ఎక్కువ పెట్టడమే లాభం.

డెల్టాలో తాతల స్థలం ఉండి ఇల్లు అక్కడే కట్టాలా, దగ్గరి టౌనులో ప్లాటు కొనాలా అన్న ప్రశ్న వేరు. స్థలం పెద్దదైతే డెల్టాలోనే కట్టండి. ఐదొందల గజాలుంటే దిబ్బ పద్ధతి మురుగుకూ, బావి దూరానికీ, తోటకూ చోటు సరిపోతుంది. వంద గజాల ముక్క అయితే వద్దు.

బేరం ఖాయమయ్యే ముందు మట్టి ల్యాబ్ నుంచి రిపోర్టు తెప్పించుకోండి, ఇల్లు కట్టే ఖర్చులో అది చాలా చిన్న మొత్తం. అందులో ఏ లోతులో ఏ పొర ఉందో, ఎస్‌పీటీ (లోతులో నేల గట్టిదనం కొలిచే పరీక్ష) లెక్కలు, ఉబ్బు శాతం, పీహెచ్, సల్ఫేట్, క్లోరైడ్, నీటిమట్టం ఉండాలి. నీటిమట్టం పక్కన ఏ నెలలో కొలిచారో కూడా రాయించుకోండి. ఏప్రిల్‌లో పన్నెండు అడుగుల కింద ఉన్న నీరు సెప్టెంబర్‌లో నాలుగు అడుగులకు రావచ్చు, సెప్టిక్ ట్యాంకు ఎంత లోతు తవ్వాలన్నది ఆ సెప్టెంబర్ అంకె మీదే తేలుతుంది.